మంద్రస్వరపు బరువు

రేడియోలను మరమ్మతు చేయు దుకాణముతో జీవితము నారంభించిన లియో ఫెండర్, అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఫుల్లర్టన్ పట్టణమునందలి తన కర్మాగారమునుండి 1951వ సంవత్సరమున ‘ప్రిసిషన్ బాస్’ అను విద్యుద్వాద్యమును విడుదల చేయుటకు పూర్వము, పాశ్చాత్య నృత్యశాలల వాద్యబృందములలో మంద్రస్వరమును పలికించు బాధ్యత ప్రధానముగా డబుల్ బాస్ అను నిలువెత్తు వాద్యమునకు చెందియుండెను. మనిషియెత్తును మించిన ఆ కొయ్యశరీరమును కారు కప్పునకు కట్టి ఊరూర త్రిప్పుటయు, తీరా వేదిక నెక్కిన పిదప డ్రమ్ముల హోరులోను బాకాల మ్రోతలోను దాని గొంతు మునిగిపోవుటయు నాటి వాదకులకు నిత్యానుభవములు. ఫెండర్ ఆ శరీరమును తీసివేసి, నాలుగు తీగలును వాని క్రింద నొక అయస్కాంతపు పికప్పును గల కొయ్యపలకను వాదకుని భుజమునకు తగిలించెను. కాని తీసివేసిన శరీరము ఊరక మాయము కాలేదు. తీగ కంపించునపుడు పికప్పులో పుట్టు విద్యుత్తు మిక్కిలి సూక్ష్మము. దానిని సభ యంతటికి వినిపింపవలెనన్న ఆంప్లిఫయరును స్పీకరును కావలెను. మరుసటి యేడే ఫెండర్ కర్మాగారము 15 అంగుళముల స్పీకరు గల ‘బాస్‌మన్’ అను పెట్టెను తయారుచేసెను. వాద్యమును వీడిన బరువు ఆ పెట్టెను చేరినది. తరువాతి డెబ్బది యేండ్లలో ఆ పెట్టె తన బరువును ఏయే అంగములనుండి వదలించుకొన్నదో, దేనిని నేటికిని వదలించుకొనజాలకున్నదో ఎరిగినవాడే, చేత పట్టుకొని పోదగిన బాస్ ఆంప్లిఫయరును వివేకముతో ఎంచుకొనగలడని నా నమ్మకము.

మంద్రస్వరమునకు ఇంత బరువేల? బాస్ గిటారు యొక్క దిగువ తీగ సెకనునకు 41 మార్లు కంపించును. గాలిలో ఆ ధ్వనితరంగపు నిడివి ఎనిమిది మీటర్లకు పైబడి యుండును. స్వరము ఒక స్థాయి క్రిందికి దిగినప్పుడెల్ల, ధ్వనితీవ్రత తగ్గకుండ నిలుపుటకు స్పీకరు నాలుగురెట్ల గాలిని త్రోయవలసి వచ్చును. దీనికి తోడు మన చెవి మంద్రస్వరముల యెడ మందమైనదని 1933లో బెల్ ప్రయోగశాలలకు చెందిన ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు కొలిచి చూపిరి. అదియును గాక, స్పీకరు ముందువైపున పుట్టిన తరంగమును వెనుకవైపున పుట్టిన తరంగము కలిసి రద్దుచేయును గనుక వెనుకవైపును పెట్టెలో బంధింపక తప్పదు. కె.ఎల్.హెచ్. అను స్పీకర్ల సంస్థను నెలకొల్పినవారిలో నొకడైన హాఫ్‌మన్ ఈ విషయమున కఠోరమైన సూత్రము నొకదానిని చెప్పెను. పెట్టె చిన్నదిగా నుండవలెను, స్వరము మంద్రముగా దిగవలెను, కొద్దిపాటి విద్యుత్తుతోనే గట్టిగా మ్రోగవలెను అను మూడు కోరికలలో రెండింటిని మాత్రమే ప్రకృతి అనుగ్రహించును, మూడవదానిని త్యజింపవలసినదే.

మొదటి తరమువారు త్యజించినది పెట్టె చిన్నదనమునే. స్వయముగా డబుల్ బాస్ వాదకుడైన ఎవరెట్ హల్ నెలకొల్పిన ఆంపెగ్ సంస్థలో జెస్ ఆలివర్ అను ఇంజనీరు 1960లో రూపొందించిన ‘పోర్టాఫ్లెక్స్’ బి-15 ఆ కాలపు ఆలోచనకు అందమైన నిదర్శనము. పెట్టె మూతకే ఆంప్లిఫయరు బిగింపబడి యుండును. ప్రయాణమందు అది తలక్రిందులుగా పెట్టె లోపల దాగియుండగా ధ్వనిసంకేతమును పెంచు గాజు ట్యూబులకు దెబ్బ తగులదు. సభకు చేరినపిదప కొక్కెములను విప్పి మూతను తిరుగవేసి మరల బిగించినచో, ట్యూబులు పైకి నిలిచి అరుణకాంతితో వెలుగుచుండును. పేరునకు ‘పోర్టా’ యైనను దానిని దొర్లించుటకు చక్రముల పలక నొకదానిని జతచేయవలసి వచ్చెను. డెట్రాయిట్ నగరపు మోటౌన్ సంగీతమునకు ప్రాణము పోసిన బాస్ వాదకుడు జేమ్స్ జేమర్సన్ క్లబ్బు కచేరీలలో వాడినది ఈ బి-15నే; దాని శక్తి ముప్పది వాట్లకు మించదు. సభలు క్రీడారంగములంత పెరిగిన పిదప, 1969లో అదే సంస్థ 300 వాట్ల ఎస్.వి.టి. అను ఆంప్లిఫయరును నిర్మించెను. అందు పదునాలుగు ట్యూబులు; స్పీకర్లు లేని ఆ ఆంప్లిఫయరు తలపెట్టె ఒక్కటియే సుమారు 40 కిలోలు. దానికి తగిన ఎనిమిది స్పీకర్ల పెట్టె, నేటి తయారీలోనిది, 63 కిలోలు తూగుచున్నది.

ఆ తలపెట్టె బరువులో అత్యధికభాగము ట్రాన్స్‌ఫార్మర్లదే. ట్యూబులకు కావలసిన హెచ్చు వోల్టేజిని సమకూర్చునది యొకటి, ట్యూబుల స్వభావమును స్పీకరు స్వభావముతో పొసగించునది మరియొకటి; రెండును ఇనుప రేకుల దిమ్మెలు, రాగితీగ చుట్లు. ట్యూబులకు బదులు ట్రాన్సిస్టరు వచ్చినపుడు రెండవ దిమ్మె తొలగిపోయెను గాని మొదటిది నిలిచియుండెను. గోడనుండి వచ్చు విద్యుత్తు సెకనునకు 50 లేక 60 ఆవర్తనములు మాత్రమే చేయుచుండుటయే అందులకు కారణము. మార్పు నెమ్మదిగా నున్నకొలది ఇనుము అధికముగా కావలెను. స్విచ్‌మోడ్ పవర్ సప్లయి అను యుక్తి ఆ విద్యుత్తును ముందుగా ఏకదిశకు మార్చి, పిదప సెకనునకు లక్షమార్ల వంతున ఖండించి ట్రాన్స్‌ఫార్మరునకు అందించును. అంతటి వేగమున, పిడికిట నిమిడిపోవు ఫెర్రైటు ముక్క ఆ పెద్ద దిమ్మె చేయు పనిని చేయగలదు.

ఆంప్లిఫయరులో ఇక మిగిలినది వేడిమి. పాతపద్ధతి ఆంప్లిఫయరులో ట్రాన్సిస్టరు సగము తెరచిన కుళాయివలె పనిచేయును. ఆపబడిన శక్తి యంతయు వేడిమిగా మారును, ఆ వేడిమిని వెదజల్లుటకు అల్యూమినియపు రెక్కలు కావలెను. క్లాస్ డి అను పద్ధతిలో ట్రాన్సిస్టరు పూర్తిగా తెరచుకొనును, లేదా పూర్తిగా మూసికొనును. తెరచియుండు కాలపు హెచ్చుతగ్గులలోనే సంగీతము నిక్షిప్తమై యుండును, చివర నొక జల్లెడ దానిని వేరుచేసి స్పీకరునకు పంపును. 1964లో ఇంగ్లండులో క్లైవ్ సింక్లెయిర్ ఈ సూత్రముపై ‘ఎక్స్-10’ అను ఆంప్లిఫయరు కిట్టును విక్రయించెను గాని, నాటి జెర్మేనియం ట్రాన్సిస్టర్లకు అంత వేగము లేకపోవుటచే అది రెండున్నర వాట్లకు మించి ఈయజాలకపోయెను. ఆలోచన సరియైనదే, దానికి తగిన పదార్థము పుట్టవలసి యుండెను. శక్తిమంతమైన, వేగవంతమైన ట్రాన్సిస్టర్లగు మాస్‌ఫెట్లు వచ్చి, డెన్మార్కులో కార్‌స్టెన్ నీల్సన్ పరిశోధన ఫలించి, 1999లో ఐస్‌పవర్ అను సంస్థ వెలసిన పిదపనే, ఆ విద్య బాస్ వాదకుల సంచులలోనికి ప్రవేశించెను. నేడు ట్రేస్ ఎలియట్ సంస్థవారి ‘ఎల్ఫ్’ 200 వాట్ల నిచ్చుచు ముప్పాతిక కిలో కూడ తూగదు, అరచేతిలో నిలుచును.

ఇక స్పీకరు బరువునకు మూలమైన అయస్కాంతపు కథ యుద్ధముతో ముడిపడినది. పూర్వపు ఆల్నికో అయస్కాంతములకు కోబాల్టు ముఖ్యద్రవ్యము. 1978లో జైరే దేశపు షాబా ప్రాంతమున సంఘర్షణ చెలరేగి కోబాల్టు ధర విపరీతముగా పెరుగగా, స్పీకర్ల తయారీదారులు చవుకయైన ఫెర్రైటును ఆశ్రయించిరి. దాని బలము తక్కువ గనుక అయస్కాంతపు చక్రములు లావెక్కెను. కోబాల్టు లేని బలమైన అయస్కాంతమునకై వెదకిన జపానువాడు మసాటో సగావాయు, అమెరికావాడు జాన్ క్రోట్‌యు, ఒకరి పని యొకరికి తెలియకయే, నియోడిమియము, ఇనుము, బోరానుల మిశ్రమమును కనుగొని 1983 నవంబరులో పిట్స్‌బర్గు సదస్సున ప్రకటించిరి. ఆ మిశ్రమముచేత పన్నెండంగుళముల స్పీకరు బరువు సగమునకు పైగా తగ్గిపోయినది.

ఇట్లు ఇనుము పోయినది, వేడిమి పోయినది, అయస్కాంతము చిక్కినది. హాఫ్‌మన్ సూత్రము మాత్రము రవ్వంతయు సడలలేదు. కావున కొనబోవువాడు వాట్ల సంఖ్యను చూచి మోసపోరాదు. వాట్లు రెట్టింపైనను చెవికి తోచు భేదము స్వల్పము. ధ్వని రెండింతలైనట్లు తోచవలెనన్న శక్తి పదిరెట్లు కావలెను. అరచేతి ఆంప్లిఫయరును ఎంచుట సులభము. దాని క్రింద నుంచదగిన పెట్టెను ఎంచుటయందే బుద్ధిని వినియోగింపవలెను. నా మట్టుకు నేను ఎనిమిదంగుళముల ముచ్చటైన పెట్టెకంటె, రెండు మూడు కిలోలు అదనమైనను, నియోడిమియము అయస్కాంతము గల పన్నెండంగుళముల పెట్టెనే మెచ్చుకొందును. డ్రమ్ముల ప్రక్కన నిలువవలసిన వానికి అంతకు తక్కువ చాలదు.

ఐతే చిన్న పెట్టె 41 హెర్ట్జుల స్వరమును పలుకదేమో యని చింతింప బనిలేదు. ఘనత వహించిన ఆ ఎనిమిది స్పీకర్ల పెట్టె సైతము 58 హెర్ట్జులకు క్రిందుగా క్షీణింపసాగును. మూలస్వరము లోపించినను, దాని పై అనుస్వరములు సక్రమముగా వినబడుచున్నచో మన మెదడు మూలమును తానే పూరించుకొనును. గుప్పెడంత స్పీకరు గల ట్రాన్సిస్టరు రేడియోలో ఇళయరాజా పాటలు విని, అందలి బాస్ గిటారు నడకను కూనిరాగము తీసిన తెలుగు శ్రోతలందరికి ఇది అనుభవైకవేద్యమే. అందువలన మంద్రపు మీటను పూర్తిగా త్రిప్పి చిన్న స్పీకరును హింసించుట తగదు. అది పలుకజాలని 35 హెర్ట్జుల క్రింది భాగమును కోసివేయు హైపాస్ ఫిల్టరు గల ఆంప్లిఫయరు దొరికినచో దానినే తీసికొనవలెను. అప్పుడు స్పీకరు వృథాగా ఊగిసలాడక అదే శక్తితో మరింత నిర్మలముగా మ్రోగును. పెట్టెను నేలపైననే, గోడకు దాపుగా నుంచినచో గదియే మంద్రమునకు బలమిచ్చును.

కొనునపుడు పెట్టె వెనుక వ్రాసియున్న ఓముల సంఖ్యను తప్పక చదువవలెను. తేలిక ఆంప్లిఫయర్లలో అనేకము 4 ఓములకు తగ్గనొల్లవు. 4 ఓముల పెట్టె నొకదానిని కొన్నచో దానితోనే సరి. 8 ఓములది కొన్నచో నేడు ఇంటిలోను చిన్న సభలోను అదొక్కటియే చాలును, రెండు పెట్టెలు కలిసినపుడు ఓములు సగమగును గనుక, రేపు పెద్ద వేదిక దొరికినపుడు అట్టిదే మరియొకటి జోడింపవచ్చును. రెండును పన్నెండేసి కిలోల లోపువైనచో రెండు చేతులకు రెండు. మెట్లెక్కుటకు మరియొకరి సాయము నర్థింప నక్కరలేదు.