ఊటీ ఘాట్‌లో బండ్లు ఎందుకు ఆగిపోతాయి?

వేసవి సెలవుల్లో మెట్టుపాళయం దాటి ఊటీ ఘాట్ ఎక్కినవారికి ఇది అనుభవమే. ముందు ప్రమాదం జరగలేదు, చెట్టు కూలలేదు. అయినా బండ్లు ఆగుతాయి, కాస్త కదులుతాయి, మళ్లీ ఆగుతాయి. దీనికి కారణం కోసం ముందుకెళ్లి వెతికినా అక్కడ ఏమీ కనిపించదు.

జపాన్ శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించిన ఒక ప్రయోగం ఈ చిక్కును విప్పింది. 230 మీటర్ల చుట్టుకొలత ఉన్న గుండ్రటి బాటపై 22 కార్లు నడిపారు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో, ముందు కారుకు తగలకుండా సాగమన్నారు, అంతే. మొదట అంతా సాఫీగానే సాగింది. కాసేపటికి ఒకరు వేగం కొద్దిగా తగ్గించారు, వెనకాయన జాగ్రత్తకొద్దీ ఇంకొంచెం తగ్గించారు, ఆ వెనకాయన మరికాస్త. చివరికి కొన్ని కార్లు పూర్తిగా నిలిచిపోయాయి. ఆ స్తంభన గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగంతో అలలా వెనక్కి పాకింది. బాటలో సిగ్నలు లేదు, ఇరుకు మలుపూ లేదు. కార్ల సాంద్రత ఒక హద్దు దాటింది, అంతే.

ఇక ఘాట్‌లో హెయిర్‌పిన్ మలుపులు, ఎత్తు ఎక్కలేక గేరు మార్చే లారీలు, మైదానం నుంచి వచ్చి ప్రతి మలుపులో బ్రేకు తొక్కే డ్రైవర్లు ఉంటారు. అక్కడ ఆ హద్దు ఇంకా ముందే వస్తుంది. పైగా స్తంభన ఒకసారి ఏర్పడ్డాక దాని నుంచి బయటపడే బండ్ల సంఖ్య, అంతకుముందు అదే రోడ్డు మోసినదానికంటే తక్కువ. అందుకే హద్దు దాటించే చివరి కొద్ది బండ్లను ఆపినా ఫలితం పెద్దగా ఉంటుంది.

రోడ్డు వెడల్పు చేస్తే? కొండ తొలిస్తే చరియలు విరిగిపడే ముప్పు ఉంది. అది పక్కన పెట్టినా, ఘాట్ వెడల్పయినంత మాత్రాన ఊటీ బజారు వెడల్పు కాదు. పైకి చేరిన కారుకు చోటు కావాలి. పలు నగరాల్లో జరిగిన అధ్యయనాలను అమెరికా పరిశోధకుడు డొనాల్డ్ షూప్ క్రోడీకరించారు. రద్దీ వీధుల్లో సగటున 30 శాతం వాహనాలు పార్కింగ్ కోసమే తిరుగుతున్నాయని వాటిలో తేలింది.

మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి నీలగిరి జిల్లాకు, కొడైకెనాల్‌కు వెళ్లే వాహనాలకు ఈ-పాస్ తప్పనిసరి అయింది. 2025 ఏప్రిల్ 1 నుంచి నీలగిరికి మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలే అన్న పరిమితి వచ్చింది. స్థానికుల బండ్లకు, ప్రభుత్వ బస్సులకు మినహాయింపు ఉంది. మరునాడే నీలగిరి వ్యాపారులు దుకాణాలు మూసి నిరసన తెలిపారు. ఏడాది సంపాదన చాలామటుకు ఈ రెండు మూడు నెలల్లోనే వచ్చేవారికి ఇది చిన్న విషయం కాదు.

అయితే దుకాణానికి కావలసింది మనుషులు, కార్లు కావు. ఒక బస్సు రోడ్డుపై దాదాపు మూడు కార్ల చోటు తీసుకుంటుంది. అందులోని నలభై మందే కారుకు నలుగురు చొప్పున వస్తే పది కార్లు కావాలి. కొండ కింద పెద్ద పార్కింగ్ కట్టి, అక్కణ్నుంచి పది నిమిషాలకొక బస్సు నడిపితే వ్యాపారికీ నష్టముండదు.

పరిమితిలో మరో లోపం కూడా ఉంది. అది రోజును లెక్కిస్తుంది, గంటను కాదు. 6,000 వాహనాలు ఇరవైనాలుగు గంటలకూ సమంగా సర్దుకుంటే అన్ని దారుల్లో కలిపి గంటకు 250 మాత్రమే. కానీ అందులో సగం ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు మధ్యే వస్తే గంటకు వెయ్యి అవుతాయి. తిరుమలలో దర్శనానికి టైమ్‌స్లాట్ టోకెన్లు ఇస్తున్నారు కదా, ఈ-పాస్‌లోనూ తేదీ పక్కన ఘాట్ ఎక్కాల్సిన గంట కూడా ఉంటే రోడ్డు ఆ హద్దుకు ఇవతలే ఉంటుంది. తెల్లవారుజామున ఎక్కేవారికి పార్కింగ్ రుసుములో కొంత తగ్గిస్తే ఆ గంటలూ ఖాళీగా పోవు.