దుంగ దొరికితే చాలదు, దొర దొరకాలి

శేషాచలం, పాలకొండ, లంకమల్ల, వెలిగొండ కొండలు ఎర్రచందనానికి పుట్టిళ్లు. చైనాలో సామాన్లకు, జపానులో వాద్యాలకు ఈ కలప అంటే మోజు. ఆ మోజే మన అడవికి శాపమైంది.

2013 డిసెంబరులో శేషాచలంలో ఇద్దరు అటవీ అధికారులు కలప ముఠా చేతిలో హతులయ్యారు. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి సమీపంలో పోలీసు కాల్పులకు 20 మంది బలయ్యారు. ఆత్మరక్షణకే కాల్చామని పోలీసులు చెప్పగా, బూటకపు ఎదురుకాల్పులని హక్కుల సంఘాలు ఆరోపించాయి. చనిపోయినవారు తమిళనాడు నుంచి కూలికి వచ్చిన పేదలు. పెట్టుబడి పెట్టినవారు మాత్రం కొండ ఎక్కరు.

చట్టం పదును

చట్టానికి పదును లేదనడానికి వీల్లేదు. 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టాన్ని 2016లో సవరించి, ఎర్రచందనం నేరాలకు పదేళ్ల వరకు జైలుశిక్ష విధించే వీలు కల్పించారు. 2022లో తిరుపతిలో ఈ కేసులకు ప్రత్యేక కోర్టులు వెలిశాయి. పి.డి. చట్టం కింద ఏడాది వరకు నిర్బంధించనూ వచ్చు. అయితే అది విచారణ లేని నిర్బంధమే తప్ప, నేరం రుజువై పడిన శిక్ష కాదు.

నరికేది ఒకరు, మోసేది ఒకరు, దారి చూపేది ఒకరు, దాచేది మరొకరు. చివరకు ఓడ ఎక్కించేది వేరొకరు. గొడ్డలి పట్టినవాడి దగ్గరే కేసు ఆగిపోతే, రేపు ఆ గొడ్డలి మరో కూలీ చేతికి వెళుతుంది. దర్యాప్తు వాహన యజమాని, గోదాము, ఫోన్లు, బ్యాంకు లెక్కల మీదుగా పైకి సాగాలి. పంచనామా సక్రమంగా రాయాలి, సాక్షులు కోర్టులో నిలబడాలి. లేకుంటే ఎంత పెద్ద శిక్ష రాసి ఉన్నా కాగితానికే పరిమితం.

గ్రామస్థులు గమనించాలి

దొంగ దుంగలు మోసిన వాహనాన్ని, కోర్టు తీర్పు కోసం ఆగకుండానే, అధీకృత అటవీ అధికారి జప్తు చేయవచ్చు. తనకు తెలియకుండా జరిగిందని, తగిన జాగ్రత్త తీసుకున్నానని రుజువు చేసుకోవలసింది యజమానే. రాత్రి బాడుగకు ఆశపడి బండి ఇచ్చేవారు ఈ సంగతి మరువరాదు. సొంత పట్టా భూమిలో పెంచిన చెట్టయినా అటవీశాఖ అనుమతి, రవాణా పర్మిట్టు తప్పనిసరి.

అడవిని కాపాడుకునే అధికారం ఊరికీ ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కు పొందిన గ్రామసభ తన అడవిని రక్షించుకోవచ్చు, నిబంధనలు పెట్టుకోవచ్చు. కొండ దారిలో కొత్త బండి తిరిగితే ముందు తెలిసేది ఊరివారికే. ఆ కబురు సకాలంలో చేరాలి. చెప్పినవారి పేరు బయటపడకుండా కాచే పూచీ అధికారులది.