దుకాణాలలో దోపిడీల నివారణ చట్టాలు

దుకాణాలలో దోపిడీలను చట్టాలు ముఖ్యంగా మూడు విధాలుగా అరికట్టజూస్తాయి: నేరానికి శిక్ష, ముందస్తు భద్రత, నగదు నిల్వల తగ్గింపు.

శిక్ష

2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 309వ సెక్షను ప్రకారం దోపిడీకి 10 సంవత్సరాల వరకు కఠిన కారాగార శిక్ష విధించవచ్చు. సూర్యాస్తమయ, సూర్యోదయాల మధ్య రహదారిపై జరిగితే శిక్ష 14 సంవత్సరాల వరకు ఉండవచ్చు. మదనపల్లె-కుప్పం, చిత్తూరు-బెంగుళూరు మార్గాలు కలిసే పలమనేరులో, రాత్రి అమ్మకపు సొమ్ముతో ఇంటికి మళ్ళే వర్తకులకు ఇది ముఖ్యమైన నిబంధన.

ముందస్తు భద్రత

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన ప్రజా భద్రత (చర్యల) అమలు చట్టం, 2013 ప్రకారం 100 మంది లేదా అంతకు మించి గుమిగూడే సంస్థలు సీసీ కెమెరాలు అమర్చి, దృశ్యాలను 30 రోజులు భద్రపరచాలి. అంత రద్దీ లేని చిన్న దుకాణాలు దీని పరిధిలోకి రావు. అక్కడ భద్రత యజమాని చొరవపైనే ఆధారపడి ఉంటుంది.

నగదు నిల్వలు

ఆంధ్రప్రదేశ్‌లో గంజాయి అమ్మకం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం క్రింద నేరం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో మాత్రం 2014లో చట్టబద్ధమైన గంజాయి దుకాణాలు తెరచుకున్నాయి. ఫెడరల్ నిషేధం వల్ల చాలా బ్యాంకులు వీటికి సేవలు నిరాకరించాయి. దానితో నగదు పేరుకుపోయి దుకాణాలు దోపిడీదారులకు లక్ష్యాలయ్యాయి. దీనికి పరిష్కారంగా రూపొందిన సేఫ్ బ్యాంకింగ్ బిల్లును 2019 సెప్టెంబరు 25న ప్రతినిధుల సభ 321-103 ఓట్లతో ఆమోదించినా, సెనేట్ ఆమోదం లభించలేదు.