సూరత్ చీర వెనుక రెండు పూతలు

విజయవాడ వస్త్రలతలోనో, హైదరాబాద్ మదీనాలోనో టోకున దిగే సూరత్ ప్రింటెడ్ చీర వెనుక రెండు పూతలుండొచ్చు. ఒకటి చీరతోపాటే వస్తుంది. పెట్టె అట్ట మీద నిగనిగలాడే పొర అది. రెండోది సూరత్ దాటి రాదు. పాండేసరా ప్రాసెస్ హౌసుల్లో చీర మీద డిజైను దింపే నికెల్ స్క్రీన్‌ను అంటిపెట్టుకుని అక్కడే ఉంటుంది. రెండూ అతినీలలోహిత కాంతికి గట్టిపడేవే.

ఈ కిటుకు వయసు దాదాపు రెండొందల ఏళ్లు. ఫ్రాన్స్‌లో నియెప్స్ 1820ల్లో లోహపు పలక మీద ఒక రకం తారు పూసి, దాని మీద గంటల తరబడి వెలుగు పడనిచ్చాడు. వెలుగు తగిలినచోట తారు గట్టిపడింది. తగలనిచోట లావెండర్ నూనెతో కడిగితే పోయింది. ఛాయాచిత్రకళకు అదే తొలి అడుగు. 1855లో ప్వాట్‌వాఁ అనే మరో ఫ్రెంచివాడు తారు బదులు డైక్రోమేట్ కలిపిన జెలటిన్ వాడాడు. కాంతి తగలగానే క్రోమియం ఆ జెలటిన్ గొలుసులను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. ముడిపడ్డాక అవి నీళ్లకు కరగవు.

సూరత్ స్క్రీన్ ఈ వంశంలోదే. 1963లో డచ్ కంపెనీ స్టోర్క్ రోటరీ స్క్రీన్ యంత్రాన్ని లోకానికి చూపింది. సన్నటి రంధ్రాలున్న నికెల్ గొట్టం దాని ప్రాణం. చుట్టుకొలత సాధారణంగా 64 సెంటీమీటర్లు. గొట్టానికి ఎమల్షన్ పూసి, ఆరబెట్టి, డిజైను ఫిల్మ్ చుట్టి, దీపం ముందు తిప్పుతారు. ఫిల్మ్ నల్లగా ఉన్నచోట కాంతి తగలదు కాబట్టి అక్కడి ఎమల్షన్ నీళ్లకు పోయి రంధ్రాలు తెరుచుకుంటాయి. ఒక్కో రంగుకు ఒక్కో గొట్టం. తెలంగాణ నుంచి వెళ్లి స్థిరపడ్డ పద్మశాలీలతో సహా ఎందరో మరమగ్గాల మీద నేసిన గుడ్డ, శుభ్రమయ్యాక ఈ గొట్టాల కిందుగా సాగిపోతుంది.

ఎమల్షన్‌లో ఎక్కడో సూదిమొనంత చిల్లు మిగిలిందనుకోండి. గొట్టం తిరిగిన ప్రతిసారీ అక్కడో రంగుచుక్క పడుతుంది. ఐదున్నర మీటర్ల చీరలో ఎనిమిదో తొమ్మిదో చుక్కలు! అందుకే స్క్రీన్‌ను మిషనెక్కించే ముందు లైటుకు అడ్డంగా పెట్టి అంగుళం అంగుళం వెతికి, కనిపించిన చిల్లును చేత్తోనే పూడ్చేస్తారు.

పెట్టె మీది పూత కథ వేరు. 1960ల్లో జర్మనీలో బేయర్ వంటి సంస్థలు చెక్క పలకల కోసం తయారుచేసిన వార్నిష్‌తో ఇది పరిశ్రమగా నిలదొక్కుకుంది. మామూలు వార్నిష్‌లో ద్రావణి ఆవిరై పోవాలి. ఇందులో ఆవిరయ్యేది దాదాపు ఏమీ ఉండదు, పూసిందంతా పొరగా మారుతుంది. చిక్కటి ఎపాక్సీ అక్రిలేట్, దాన్ని పలచన చేసే టీపీజీడీఏ లాంటి మోనోమర్, ఇంకా కొద్ది శాతం ఫొటో ఇనిషియేటర్ ఉంటాయి. దీపం కిందికి రాగానే ఇనిషియేటర్ అణువు విరిగి రాడికల్స్ పుడతాయి. అవి అక్రిలేట్ల జంట బంధాలను తెరుస్తూ పోతాయి. క్షణంలో ద్రవం వలలా అల్లుకుని ఘనమవుతుంది.

అంత వేగంలోనే ప్రమాదమూ ఉంది. గాలిలోని ఆక్సిజన్ రాడికల్స్‌ను మింగేస్తుంది కాబట్టి పైపొర జిగటగా మిగిలిపోవచ్చు. పైన గట్టిపడి, అడుగున పచ్చిగానూ ఉండొచ్చు. పొట్టి తరంగాలు పైపైనే ఆగిపోతాయి, 365 నానోమీటర్ల వంటి పొడవైనవి లోపలికి వెళ్తాయి. చేత్తో తాకితే ఆరినట్టున్న పూత లోపల ఉడికిందో లేదో చేతికి తెలియదు.

దానికే పరీక్షలు. ఎంఈకే ద్రావణిలో ముంచిన గుడ్డతో ముందుకీ వెనక్కీ రుద్ది, పూత ఎన్ని రుద్దులకు లేచిపోతుందో లెక్కపెడతారు. పర్మాంగనేట్ చుక్క వేస్తే, మిగిలిపోయిన జంట బంధాల దగ్గర గోధుమరంగు మరక తేలుతుంది. ఇన్‌ఫ్రారెడ్ యంత్రంలోనైతే తరంగసంఖ్య 810 దగ్గరి అక్రిలేట్ శిఖరం ఎంత కుంగిందో చూస్తారు. గట్టిపడేటప్పుడు పూత ముడుచుకుంటుంది కాబట్టి పట్టునూ పరీక్షించాలి. బ్లేడుతో అడ్డంగా ఆరు, నిలువుగా ఆరు గాట్లు పెడితే పాతిక గళ్లు వస్తాయి. వాటి మీద టేపు అంటించి లాగుతారు. ఒక్క గడీ ఊడకపోతే ఐఎస్ఓ లెక్కలో సున్నా మార్కు, అదే అన్నిటికన్నా మంచిది! మరీ బిరుసుగా మారిన పూతను అట్ట మడత బయటపెడుతుంది. మడిచినచోట తెల్లటి పగుళ్లు వస్తాయి.

పచ్చిగా మిగిలినదానితో ముప్పు 2005లో ఇటలీలో తెలిసొచ్చింది. కార్టన్ల బయట ఇలాగే కాంతితో గట్టిపరిచిన ఇంకులోని ఐటీఎక్స్ అనే ఇనిషియేటర్ పసిపిల్లల పాలలో తేలింది. లక్షల లీటర్లు వెనక్కి తీసుకున్నారు. చీర పెట్టెకు అంత భయం లేకపోయినా, మిఠాయి పెట్టెకు ఈ పాఠం నేరుగా వర్తిస్తుంది.

ఇప్పుడు పాదరసపు దీపాల స్థానంలోకి ఎల్ఈడీలు వస్తున్నాయి. కరెంటు, వేడి తగ్గుతాయి, పాదరసం బెడద ఉండదు. కానీ వాటిలో పొట్టి తరంగాలు లేకపోవడంతో పైపొర జిగట సమస్య మళ్లీ ముందుకొస్తుంది, ఇనిషియేటర్లను మార్చుకోవాల్సి వస్తుంది. పాత దీపాలదీ ఒక మోసమే. వయసు మీరినా కంటికి నీలంగా వెలుగుతూనే ఉంటాయి, పనిచేసే కిరణాలు మాత్రం తగ్గిపోతాయి. కాబట్టి దీపం వెలుగుతోందని నమ్మి ఊరుకోకుండా, చదరపు సెంటీమీటరుకు ఎన్ని మిల్లీజౌళ్లు పడుతున్నాయో రేడియోమీటరుతో కొలిచి రాసుకునే దుకాణమే పెట్టెలు వాపసు రాకుండా వ్యాపారం చేసుకోగలుగుతుంది.