త్రాగునీటిలోని ఫ్లోరైడు: పటిక, సున్నములు చేయు పని

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల గ్రామములలో నేడు రెండు విధములైన నీరు గలదు. ఒకటి గొట్టముల ద్వారా వచ్చు కృష్ణా నీరు. రెండవది నేల లోతులనుండి తోడుకొను బోరుబావి నీరు. కుళాయి రెండు దినములు రాకున్నచో జనులు బిందెలతో మరల బోరు వద్దకే పోవుట పంచాయతీ సభ్యులు ఎరిగినదే. ఆ నీరు తేటగా, చల్లగా ఉండును. రుచికి తీయగానే యుండవచ్చును. కాని అందులో ఫ్లోరైడు ఎంత గలదో కంటికి కనబడదు, నాలుకకు తెలియదు.

ఈ కీడు క్రొత్తది కాదు. నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి డాక్టర్ ఎ. హెచ్. సిద్ధిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరముగా వ్రాసిరి. నాగార్జునసాగరమునకు పునాదిరాయి పడినదియు ఆ సంవత్సరముననే. 1967లో సాగరు కాలువలకు నీరు వదలిరి. ఎడమకాలువ మిర్యాలగూడ, కోదాడ ప్రాంతముల పొలములను తడిపినది. ఇంటింటికి శుద్ధిచేసిన నీరు పంపు మిషన్ భగీరథ 2016లో ప్రారంభమైనది. కృష్ణ వచ్చినంతనే ఫ్లోరైడు తొలగెనని కొందరు తలచుచున్నారు. నీరు మారినది గాని, నేలలోని రాయి మారలేదు.

ఇచ్చటి నేల క్రింద నున్నది నల్లసేనపు రాయి. అందలి కొన్ని ఖనిజములలో ఫ్లోరిన్ గలదు. రాతి పగుళ్లలో చిరకాలము నిలిచిన నీటిలో అది కొంచెము కొంచెముగా కరగును. నీటిలో కాల్షియము ఎక్కువగా నున్నచో అది ఫ్లోరైడును పట్టి అడుగునకు దింపును. కాల్షియము తక్కువై, క్షారగుణము హెచ్చైన నీటిలో ఫ్లోరైడు కరగియే యుండును. అందుచేత పప్పు బాగుగా ఉడుకు మెత్తని నీరే మంచి నీరను మన పెద్దల కొలత ఇచ్చట పనికిరాదు. కాచినను లాభము లేదు. ఆవిరియై పోవునది నీరే, మిగిలిన నీటిలో ఫ్లోరైడు మరింత చిక్కబడును.

లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రామునకు మించరాదని భారతీయ ప్రమాణము. వేరు ఆధారము లేనప్పుడు 1.5 వరకు ఓర్చుకొనవచ్చును. అంతకు మించిన నీరు త్రాగు పసిపిల్లలకు స్థిరదంతములు రూపొందు వయస్సుననే పండ్లపై మచ్చలు కుదురుకొనును. అవి తోమిన పోవు గార కాదు. పెద్దలకు ఏండ్ల తరబడి మెడ, నడుము, కీళ్లు బిగిసికొనును. బిగిసిన ఎముకను తిరిగి సరిచేయు మందు లేదు.

ఈ నీటిని బాగుచేయుటకు నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ, నీరి, 1970 దశకములో ఒక పద్ధతి రూపొందించినది. దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు. ఏ జిల్లాయు కోరి తెచ్చుకొను కీర్తి కాదిది. అయినను ఆఫ్రికాలోని ఇథియోపియా, టాంజానియా దేశములలో సైతము ఈ పేరుననే దీనిని పరీక్షించిరి.

కావలసిన సరకు మన అంగడిలో దొరకునదే: పటిక, సున్నము, కొంచెము బ్లీచింగ్ పొడి. బురదనీటి కుండలో పటిక త్రిప్పుట మన ఇండ్లలో అలవాటే. పటిక నీటిలో కరగి, సున్నముతో కలసి, దూదిపింజలవంటి తునకలగును. ఫ్లోరైడు ఆ పింజలకంటుకొని వానితోపాటు అడుగునకు దిగును. పది నిమిషములు బాగుగా కలిపి, గంటసేపు కదపక ఉంచి, పైతేటను మాత్రమే తీసికొనవలెను. 40 లీటర్ల బకెట్టుకు అడుగునుండి మూడు నాలుగు అంగుళముల పైన కుళాయి బిగించిన చాలును.

పటిక ఎంత వేయవలెనను చోట మాత్రము ఊహ పనికిరాదు. నీటిలోని ఫ్లోరైడును, క్షారగుణమును కొలిచి ప్రయోగశాలవారే దానిని నిర్ణయింపవలెను. వారు లీటరుకు 500 మిల్లీగ్రాములని చెప్పినచో 40 లీటర్లకు 20 గ్రాముల పటిక. సున్నము అందులో ఇరువదియవ వంతు, అనగా 1 గ్రాము. పటిక తక్కువైన ఫ్లోరైడు మిగులును. ఎక్కువైన నీరు పులుపెక్కి, అల్యూమినియము అందులో నిలిచిపోవును. ఈ శ్రద్ధ ప్రతిదినము కావలెను. అది లేకనే ఈ పద్ధతి పెక్కు చోట్ల మూలబడినది. తప్పు పటికది కాదు. కావున దీనిని కుళాయి రాని దినముల ఆదరువుగా నెంచుటయే మేలని నా అభిప్రాయము.

కృష్ణా నీటిలో చూడవలసిన దోషము వేరు. ఏటి నీటిలో ఫ్లోరైడు స్వల్పము. బురద, రోగక్రిములు అధికము. సూర్యాపేట సమీపమున పారు మూసీ నది హైదరాబాదు మురుగును మోసికొని వాడపల్లి వద్ద కృష్ణలో కలియుచున్నది. శుద్ధికేంద్రములో నీటిని బాగుచేసి పంపినను, పగిలిన గొట్టము మురుగుకాలువ ప్రక్కనుండి పోయినచో, నీరు ఆగిన వేళ ఆ మురికి లోనికి చొరబడును. దానికి బ్లీచింగ్ పొడియే మందు. మంచి పొడియైనచో 1,000 లీటర్లకు రమారమి 2.5 గ్రాములు, అనగా 40,000 లీటర్ల ట్యాంకునకు 100 గ్రాములు. అరగంట ఆగిన పిదప నీరు వదలవలెను. చివరి ఇంటి కుళాయి వద్ద లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగులవలెను. మూత విప్పి, చెమ్మ తగిలిన సంచిలోని పొడి నిస్సారమగును. బ్లీచింగ్ వేసితిమి గనుక ఫ్లోరైడు బాధ లేదనుకొనుట పొరపాటు. క్లోరిన్ దానిని తాకనైనను తాకదు.

ఊరిలోని ప్రతి బోరు నీటిని వర్షములకు ముందొకసారి, తరువాత నొకసారి పరీక్షింపజేసి, ఫలితమును పంచాయతీ పుస్తకములో వ్రాసి యుంచవలెను. అంకె 1.5 మించిన బోరును మూయనక్కరలేదు. దానికి ఎఱ్ఱ రంగు పూసి, త్రాగుటకు గాని వంటకు గాని పనికిరాదని వ్రాయించి, బట్టలుతుకుటకును వాకిలి కడుగుటకును విడిచిపెట్టవచ్చును. పటిక వేసిన బకెట్టు అడుగున మిగులు మడ్డిలో ఫ్లోరైడంతయు చేరియుండును. దానిని బావి గట్టుకు, పశువుల తొట్టికి దూరముగా గోతిలో పూడ్పింపవలెను.