మహాచైత్యం నమూనా: అండం ఎత్తు ఎంత?

అమరావతి మహాచైత్యానికి, అంటే అక్కడి పెద్ద బౌద్ధ స్తూపానికి, నమూనా చేయబూనినవారు ముందుగా ఏది తెలుసో, ఏది ఊహో తేల్చుకోవాలి. చెక్కా, ప్లాస్టరా అన్నది ఆ తరవాతి మాట. అమరావతిలో కొత్త పట్నం కట్టే రోజుల్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు దిబ్బగా మిగిలిన ఆ స్తూపాన్ని తవ్వి ఇటుకలు, పలకలు తీసుకుపోయారు. అంతకుముందు ఒకసారి చూసి వెళ్లిన సర్వేయర్ కాలిన్ మెకంజీ 1816లో మళ్లీ వచ్చేసరికి నడిమధ్యన చెరువు కోసం తవ్విన గొయ్యి ఉంది. అండం, అంటే పీఠం మీది గుమ్మటం, ఎత్తును కొలిచే అవకాశం అక్కడితో పోయింది. మెకంజీ బృందం గీసిన పటాలు, 1845లో వాల్టర్ ఇలియట్, 1877లో రాబర్ట్ సూయెల్, ఆ తరవాత జేమ్స్ బర్జెస్ చేసిన తవ్వకాలు నేలమట్టం సంగతులు మాత్రం చెబుతాయి: పీఠం వ్యాసం సుమారు 50 మీటర్లు, చుట్టూ రాతి కంచె, నాలుగు దిక్కులా ముందుకు వచ్చిన ఆయక వేదికలు.

మరి పైభాగం? దానికి ఆనాటి శిల్పులే సాక్షులు. పల్నాటి సున్నపురాయి పలకల మీద వాళ్లు స్తూపం బొమ్మనే చెక్కారు. అవి చెన్నై, లండన్ మ్యూజియంలలో ఉన్నాయి. ద్వారం దగ్గర సింహాలు, వేదిక మీద ఐదేసి ఆయక స్తంభాలు, అండం మీద పూలదండల చెక్కడం, కొసన ఛత్రాలు అన్నీ వాటిలో కనిపిస్తాయి. అందుకే సాంచి తోరణాలను తెచ్చి ఇక్కడ నిలబెట్టడం పొరపాటు. అయితే పలకలో పట్టించడానికి శిల్పి కొలతలు కుదించి ఉంటాడు, ఆ బొమ్మను ఎలా నమ్మాలని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఏ భాగం మీద ఏ భాగం ఉందో చెప్పడానికి ఆ పలకలు చాలు. దిబ్బలో దొరికిన రాళ్లు కూడా ఆ వరుసనే బలపరుస్తున్నాయి. ఎత్తు కొలవడానికి మాత్రం ఆ పలకలు పనికిరావు.

స్కేలు ఎంపికలోనూ నిజాయితీ ఉండాలి. నూరో వంతుకు చేస్తే పీఠం అర మీటరు వస్తుంది, దాదాపు 2.7 మీటర్ల కంచె స్తంభం 2.7 సెంటీమీటర్లకు దిగుతుంది. దాని మీది పద్మం రేకులు ఇక చెక్కలేం. ఇరవయ్యో వంతు అయితే రేకులు నిలుస్తాయి, కానీ పీఠానికే రెండున్నర మీటర్ల చోటు కావాలి. ఇంత పనితనం ఉన్న కట్టడానికి ఆ చోటు ఇవ్వాల్సిందే.

తెలిసిన భాగాలకు రంగు వేసి, ఊహించిన అండాన్ని ఉత్తగా వదిలేస్తే చూసే పిల్లలకు ఏం అర్థమవుతుందని మరో అభ్యంతరం. తెల్లగా నున్నగా పూర్తిచేసిన అండాన్ని చూసిన పిల్లవాడు అదే నిజమనుకుంటాడు, నాకు ఆ నష్టమే పెద్దదనిపిస్తుంది. నాగార్జునసాగర్ ముంపు నుంచి తప్పించి అనుపులో, నాగార్జునకొండ మీద తిరిగి కట్టిన బౌద్ధ కట్టడాల్లో ఎక్కువ భాగం శిథిలాలను శిథిలాలుగానే చూపుతాయి, జనం వాటిని చూసి తికమక పడటం లేదు. అమరావతి నమూనాలోనూ కంచెను, పీఠాన్ని రాతి రంగులో, అండాన్ని ఉత్త చెక్కలో ఉంచవచ్చు. ఎత్తు ఎక్కువగా ఒకటి, తక్కువగా ఒకటి, రెండు అండాలు చేసి మార్చి మార్చి పెట్టేలా అమర్చితే ఇంకా మేలు.