వేడికి మాడని లోహం – అయాన్ ఇంప్లాంటేషన్



తడికి ఇనుము తుప్పు పడుతుందని అందరికీ తెలుసు. తడి లేకపోయినా, ఎర్రగా కాలిన ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నల్లటి పొలుసులు కడుతుంది. కమ్మరి కొలిమి దగ్గర సుత్తి దెబ్బకు రాలేవి ఇవే. దీనినే అధిక ఉష్ణోగ్రత ఆక్సీకరణం అంటారు. విమాన ఇంజన్లలో, బాయిలర్లలో పనిచేసే లోహాలకు ఇది పెద్ద బెడద.

అయితే ఆక్సైడ్ అన్నిసార్లూ చెరుపు చేయదు. క్రోమియం, అల్యూమినియం ఆక్సైడ్లు పలుచగా, దట్టంగా పరుచుకుని లోపలి లోహాన్ని కాపాడతాయి. చిక్కెక్కడంటే, లోహం వేడెక్కి చల్లారినప్పుడు అది కుంచించుకున్నంతగా పై పొర కుంచించుకోదు. దాంతో పొర పెచ్చులుగా ఊడిపోతుంది. మళ్ళీ పొర కట్టడానికి లోహంలోని క్రోమియం ఖర్చవుతుంది. జమ లేకుండా డబ్బు తీస్తూ పోయే ఖాతాలాగా ఒకనాటికి నిల్వ అడుగంటుతుంది.

దీనికి ఒక ఉపాయం అయాన్ ఇంప్లాంటేషన్. ఇట్రియం వంటి మూలకపు పరమాణువులకు విద్యుదావేశం కల్పించి అయాన్లుగా మారుస్తారు. శూన్యంలో వేల నుంచి లక్షల వోల్టులతో వాటిని వేగంగా తోసి లోహంలోకి చొప్పిస్తారు. అవి దిగే లోతు సుమారు మైక్రాన్‌లో పదో వంతు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఇది రంగు పూత వంటిది కాదు, లోహంలోనే కలిసిపోతుంది. కాబట్టి ఊడిపోదు, వస్తువు కొలతలూ మారవు.

ఇంత కొద్ది ఇట్రియం ఏం చేస్తుంది? ఆక్సైడ్ పొరలోని రేణువుల మధ్య సందుల్లో చేరి, లోహ పరమాణువులు పైకి వచ్చే దారిని అడ్డుకుంటుంది. పొర నెమ్మదిగా పెరుగుతుంది, గట్టిగా పట్టుకుని ఉంటుంది. బ్రిటన్‌లోని హార్వెల్ పరిశోధన కేంద్రంలో 1970లలో అణు రియాక్టర్ ఇంధన గొట్టాలకు వాడే స్టెయిన్‌లెస్ స్టీల్ మీద ఇట్రియం, సీరియం అయాన్లతో దీనిని పరీక్షించారు. జర్మనీ శాస్త్రజ్ఞులు టైటానియం–అల్యూమినియం మిశ్రమంలోకి ఫ్లోరిన్ చొప్పించారు. అప్పుడు మిశ్రమంలోని అల్యూమినియమే ముందుగా పైకి వచ్చి తన కవచం తాను కట్టుకుంటుంది.

పరిమితులూ ఉన్నాయి. అయాన్లు తిన్నగా పోతాయి గనుక వంకర గొట్టం లోపలికి చేరవు. శూన్య యంత్రాల ఖర్చు ఎక్కువ. అందుకే పరిశ్రమలో దీని వాడకం ప్రధానంగా సెమీకండక్టర్ చిప్‌ల తయారీలోనే ఉంది. లోహాల ఆక్సీకరణం విషయంలో ఇది ఎక్కువగా పరిశోధనకే ఉపయోగపడింది. ఇంకా చేయవలసిన పని చాలా ఉందన్న మాట.

ఆ పని మన పిల్లలు ఎందుకు చేయకూడదు? తమిళనాడులోని కల్పాక్కం అణు పరిశోధన కేంద్రంలో అయాన్ యాక్సిలరేటర్లు ఉన్నాయి. హైదరాబాద్ మిధానిలో వేడిని తట్టుకునే మిశ్రమ లోహాలు తయారవుతాయి. తిరుచిరాపల్లి, సూరత్కల్, రూర్కెలా, నాగపూర్ ఎన్ఐటీలలో మెటలర్జీ బీటెక్ ఉంది. కంప్యూటర్ సీటు రాలేదని దిగులు పడే ముందు, తల్లిదండ్రులు ఈ శాఖ గురించి కూడా ఒకసారి విచారించవలసిందిగా మనవి.